కామెర్లు రాని మీరావలి

టైలరు మీరావలి మెడలో టేపుతోనే కోర్టుకొచ్చాడు. గుమ్మం దగ్గర బంట్రోతు అది చూసి, తన మెడ చుట్టూ వేలు తిప్పి, తీసెయ్యమని సైగ చేశాడు. మీరావలి దగ్గరికెళ్ళి శ్రద్ధగా ఆయన మెడ కొలిచాడు. "పదిహేనున్నర. కాలరు కాస్త వదులుగా పెట్టించుకోండి సార్, ఎండలొచ్చేశాయి" అని టేపు మళ్ళీ మెడలో వేసుకున్నాడు.

వెనక బెంచీలో అతని భార్య బీబీజాన్ బురఖా అంచు నోట్లో కుక్కుకుంది. నవ్వొచ్చి కాదు. ఇంకాసేపట్లో కొట్టు ఉంటుందో పోతుందో తేలిపోతుంది, ఈయన చూస్తే ఇలా.

కొట్టంటే పటమటలో ఒక మిషను, ఒక అద్దం, ఒక పరదా. ఆయన కుట్టడం, ఆమె హుక్కులు వెయ్యడం, అలాగే ఇల్లు గడిచింది. ఆ ఏడు, 1998లో, కొట్టు యజమాని రామకోటేశ్వరరావు ఖాళీ చేయించాలని వేసిన దావా గెలిచాడు. అప్పీలుకి నెల గడువుంది. ఆ నెలంతా మీరావలి మిషను మీంచి లేవలేదు. లేచేసరికి గడువు దాటిపోయింది.

లాయరు సురేష్ కుర్రాడు, మంచివాడు. "కంగారు లేదమ్మా. ఆలస్యం మన్నించమని పిటిషను వేద్దాం. కామెర్లొచ్చి మంచం పట్టారని రాశాను, సంతకం పెట్టమనండి" అన్నాడు.

"నాకు కామెర్లు రాలేదుగా?" అన్నాడు మీరావలి.

"గడువు దాటినవాళ్ళందరికీ అవే వస్తాయండీ. జడ్జిగార్లకీ అలవాటైపోయింది."

"జరిగింది రాయండి లాయరు గారూ."

"పెట్టండి సంతకం. తగ్గిపోయాయని చెబుదాం" అంది బీబీజాన్.

పెట్టలేదు. వారం రోజులు ఆమె అన్నం వడ్డించింది గానీ మాట వడ్డించలేదు.

ఇప్పుడు ఆ జరిగిందే జడ్జిగారు చదువుతున్నారు. ఒకచోట ఆగి, కళ్ళజోడు తీశారు. "గడువు నెలంతా ఎదుటి పార్టీ కూతురి పెళ్ళి జాకెట్లు కుడుతూ కూర్చున్నావా?"

"అవునండి. తీర్పు రాకముందే ఒప్పుకున్నాను. ముహూర్తం మారదు కదండీ."

ఎదుటి లాయరు లేచి, ఇదంతా కట్టుకథ అన్నాడు. జడ్జిగారు ఆయన్ని కూర్చోమని, రామకోటేశ్వరరావు వంక తిరిగారు. "మీరు చెప్పండి. నిజమేనా?"

బీబీజాన్ బెంచీలో ముందుకి వంగింది. కాదన్న ఒక్క మాట చాలు, కొట్టు ఆయన చేతికెళ్ళిపోతుంది. కుట్టినట్టు చూపించడానికి చిన్న రశీదైనా లేదు. పెళ్ళివారికి రశీదులు రాసే అలవాటు ఈయనకెప్పుడూ లేదు.

రామకోటేశ్వరరావు కండువా సర్దుకున్నాడు. మీరావలి మెడలోని టేపు వంక కాసేపు చూశాడు. "నిజమేనండి. మా రాజ్యశ్రీకి మొదటి పరికిణీ నుంచీ ఈయనే. జాకెట్లు కూడా పెళ్ళికి ముందే ఇంటికి తెచ్చిచ్చాడు."

జడ్జిగారు ఆలస్యం మన్నించి అప్పీలు తీసుకున్నారు. ఇన్నేళ్ళుగా మిషను మీద వంగి ఉన్న వీపునే చూసింది బీబీజాన్. ఆ మనిషి ఇంత పొడుగని ఆమెకి ఇవాళే తెలిసింది.

వరండాలో రామకోటేశ్వరరావు ముఖం గంటు పెట్టుకుని ఎదురొచ్చాడు. "కేసు సంగతి అలా ఉంచు మీరావలీ. పెళ్ళి జాకెట్టు చేతులు బిగుతయ్యాయని మా అమ్మాయి ఒకటే గోల."

"లోపల గుడ్డ వదిలే కుట్టాను బాబుగారూ, కొట్టుకి పంపించండి."