ఎడమ స్తంభం పక్కన మరక

ఫుట్‌బాల్ ప్రపంచకప్పుకు ముందటి ఏడు నవంబరులో, దోహాలో జరగబోయే ఒక ఫొటోల ప్రదర్శనకు కండిషన్ రిపోర్టులు రాసే పని నాకు అప్పగించారు. కళాఖండాలను రవాణా చేసి, గోడకు తగిలించే కంపెనీలో నాది అప్పటికి పద్నాలుగేళ్ళ సర్వీసు. కండిషన్ రిపోర్టంటే వచ్చిన బొమ్మకు దెబ్బలేమైనా తగిలాయా అని చూసి రాసే కాగితం. పెట్టె వచ్చాక ఒక రోజంతా తెరవం, గది చల్లదనానికి అలవాటు పడనిస్తాం. తర్వాత బొమ్మను బల్ల మీద పరిచి పక్క నుంచి టార్చి వేస్తాం. గీత గానీ, వేలిముద్ర గానీ ఉంటే ఆ ఏటవాలు వెలుతురులో మెరుస్తుంది. మెరిసింది రాస్తాం, మెరవంది రాయం.

వచ్చినవాటిలో నిలువెత్తు నలుపు తెలుపు ఫొటో ఒకటుంది. అమెరికా దక్షిణాదిన ఒకప్పటి పత్తి తోటల యజమాని బంగళా. ముందు వరసగా తెల్లటి స్తంభాలు, చుట్టూ పొగమంచు. టార్చి వేసి చూశాను, 'లోపాలు లేవు' అని రాసి సంతకం చేశాను. మా వర్క్‌షాపులోనే ఫ్రేము కట్టారు. అప్పుడు ఎడమ వైపు పట్టుకున్నది లింగయ్య. జగిత్యాల వైపు మనిషి, మా హ్యాండ్లర్లందరిలోకీ చెయ్యి నెమ్మది. గ్లౌజులు వేసుకుని బొమ్మలు మోసే ఉద్యోగం గల్ఫ్‌లో ఉందంటే ఊళ్ళో ఎవరూ నమ్మడం లేదని నవ్వేవాడు.

మూడు వారాల తర్వాత, గోడకు తగిలించాక, ప్రదర్శన రిజిస్ట్రార్ దాని ముందు ఆగిపోయింది. వచ్చిన ప్రతి వస్తువుకూ రికార్డుపరంగా జవాబుదారీ ఆవిడే. ఎడమ చివరి స్తంభం పక్కన బొటనవేలంత బూడిద రంగు మరక చూపించింది. నా రిపోర్టు తెప్పించారు. రిపోర్టులో మరక లేదు, గోడ మీద ఉంది. కాబట్టి మధ్యలో ఎవరి చెయ్యో తగిలింది. ఆవిడ వాదన సూటిగానే ఉంది.

నాకే అయోమయంగా ఉంది. ఆ రోజు అక్కడేదో బూడిద రంగు చూసినట్టూ ఉంది, చూడనట్టూ ఉంది. మెరవలేదు కాబట్టి నీడనుకుని వదిలేశానా? లేక అసలు లేనే లేదా? ఈ మధ్యలో నలభై బొమ్మలు చూశాను.

లింగయ్యను పిలిచి, మా సూపర్‌వైజర్ హిందీలో గద్దించాడు. అతను నా వైపు తిరిగి తెలుగులో చెప్పాడు.

"అది మరక కాదు సార్, మనిషి. ఆడామె వంగి ఊడుస్తున్నది."

"నీకెలా తెలుసు లింగయ్యా?"

"ఇది గడీ గద సార్. గడీ ముంగట ఊడ్చెటోళ్ళు లేకుంట ఉంటదా? మా అవ్వ గట్లనే వంగి ఊడ్చేది."

గడీ అంటే తెలంగాణ పల్లెల్లో దొరల కోటలాంటి ఇల్లు, అవ్వ అంటే వాళ్ళ వైపు అమ్మ. నేను కోనసీమవాణ్ణి, ఈ రెండూ అతని దగ్గరే నేర్చుకున్నాను. మళ్ళీ ఫొటో చూశాను. ఒక క్షణం వంగిన నడుము కనిపించింది, రెప్ప వేసేసరికి మరక అయిపోయింది. సూపర్‌వైజర్‌కి మాత్రం, "మనిషి కావచ్చేమో అంటున్నాడు" అని చెప్పాను. అతను అన్నది కావచ్చని కాదు.

ఫొటో వచ్చినప్పుడు ఈ గుర్తు లేదని ఒక వాంగ్మూలం టైపు చేసి నా ముందు పెట్టారు. ఉందంటే, రిపోర్టులో ఎందుకు రాయలేదని నన్నడుగుతారు. భయపడ్డాను. సంతకం చేశాను.

లింగయ్యకు నా వాంగ్మూలం జతచేసి, బొమ్మ పాడుచేశాడంటూ డ్యామేజీ మెమో ఇచ్చి పెట్టెల షెడ్డుకు పంపేశారు. వచ్చే నెల అతని వీసా రెన్యువల్. ఫైల్లో డ్యామేజీ మెమో ఉన్నవాళ్ళకు మా కంపెనీ రెన్యువల్ చేయదు, టికెట్టు చేతిలో పెట్టి పంపేస్తుంది.

మరకో మనిషో తేల్చడానికి ఫ్రేము విప్పాలంటే ఫొటోగ్రాఫర్ అనుమతి కావాలి. ప్రదర్శనకు అరువిచ్చేటప్పుడు రాసుకున్న పత్రంలో ఆ ఫొటో నకలు తపాలా బిళ్ళంత ఉంది, అందులో ఏమీ తేలదు. ఆయన ప్రయాణంలో ఉండి పదకొండు రోజులకు జవాబిచ్చాడు. ఈలోగా నాలుగుసార్లు హాలుకు వెళ్ళాను. దగ్గరికెళితే మరక, దూరం జరిగితే మనిషి. ఒక రోజు అదీ తారుమారైంది. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో నా గదికి వచ్చి అన్నం తింటుంటే కూడా అదే ఆలోచన.

జవాబు నాలుగు వాక్యాలే. మంచులో తీసిన ఫొటో కాబట్టి కెమెరా కన్ను చాలా నిమిషాలు తెరిచే ఉంచాడట. ఆ ఇంటిని చూసుకునే ఆవిడ వచ్చి కాసేపు ఊడ్చి లోపలికి వెళ్ళింది. ఆవిడను ఆపడం ఇష్టంలేక ఊరుకున్నాడు. కదిలిన మనిషి కాబట్టి అలా పడింది.

మెమో రద్దు చేశారు. వీసా రెన్యువల్ అయింది. ఫొటోగ్రాఫర్ జవాబు సంగతి లింగయ్యకు ఎవరూ చెప్పలేదని తెలిసి షెడ్డుకు నేనే వెళ్ళాను. పెట్టె మూతకు స్క్రూలు బిగిస్తున్నాడు. చెప్పాను.

"గట్లనా" అన్నాడు. ఇంకో స్క్రూ బిగించాక అడిగాడు. "సార్, అప్పుడు ఆమె లేకుండెనని మీకు యాదికున్నదా?"

"గుర్తు లేదు లింగయ్యా."

"గుర్తు లేదనే రాస్తే అయిపోతుండె గద సార్."

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ప్రతి రిపోర్టులో ముందు బొమ్మలో ఏమేం ఉన్నాయో రాసి, అప్పుడే లోపాల జోలికి వెళ్ళాను. గుర్తులేని చోట గుర్తులేదని రాశాను. ఫారంలో దానికి గడి లేదు, మార్జిన్లో రాసేవాణ్ణి. రిజిస్ట్రార్లు విసుక్కునేవారు. రాయనిదాన్ని లేనిదని చదువుతారని ఆ ఏడు తెలిసింది.

లింగయ్యను మళ్ళీ హ్యాండ్లింగ్‌కు రమ్మన్నారు. రానన్నాడు. ఎందుకని నేను అడగలేదు.