వీసా అక్కర్లేని సైకిళ్ళు

మొన్న ఆదివారం పొద్దున, ఇడ్లీపిండి గిన్నె కడుక్కుంటూ జీవితంలో పైకొచ్చానన్న భ్రమలో నేనుండగా, ఇదే దేశంలో ఇంకో మూలనున్న రెజైనా నుంచి నా పాత రూమ్మేట్ వీడియో కాల్ చేశాడు. ఫోన్లో మనిషి ముఖం లేదు. తిరగేసి నిలబెట్టిన సైకిలూ, దాని పెడల్‌కి తగిలించిన పానా, ఆ పానాతో కుస్తీ పడుతున్న ఒక చెయ్యీ మాత్రమే కనిపించాయి.

"బావా, ఎడమ పెడల్ ఎటు తిప్పితే ఊడుద్ది?"

ఎక్కడికిరా ప్రయాణం అన్నాను, ఊహించనట్టు. స్పెయిన్‌కట, ఈసారి పెళ్ళాన్ని కూడా తీసుకుని, ద్రాక్షతోటల మధ్య, ఏటిగట్ల వెంట, రాతి ఊళ్ళ మీదుగా కంకర దారుల్లో సైకిల్ తొక్కడానికట. శుభం అన్నాను. ఆ ముక్క అంటున్నప్పుడు పళ్ళు కాస్త కొరికిన మాట నిజమే గానీ, నా వైపు కెమెరా ఆపే ఉంది కాబట్టి స్నేహానికి నష్టమేమీ జరగలేదు.

ముప్పై దాటీ దాటకముందే జ్ఞాపకాలేమిటని పెద్దవాళ్ళు నవ్వుకోవచ్చు. నవ్వుకోనీండి, మన బ్యాచ్‌కి తెలుసు. స్టడీ పర్మిట్ మీద గడిపిన ఏడాది మామూలు ఏడాది కాదు, దాని లెక్కే వేరు. నా మాట నమ్మనివాళ్ళు నా నెత్తి మీద మిగిలిన జుట్టు చూసుకోవచ్చు. విమానం దిగిన ప్రతివాడి సూట్‌కేసులోనూ ఒక కుక్కరూ, ఒక ఆవకాయ సీసా, వాళ్ళమ్మ కుక్కిన ఉన్ని మంకీక్యాపూ ఉండే రోజులవి. అలాంటి రోజుల్లో బర్నబీ అనే వానల ఊళ్ళో కొండ మీద మా యూనివర్సిటీ, కొండ కింద మేముండే బేస్‌మెంటు, ఆ రెంటికీ మధ్య నేను పార్ట్‌టైమ్ చేసిన సైకిల్ షాపు ఉండేవి. షాపు ఓనరు మాట్లాడితే మాట అరిగిపోతుందేమో అన్నట్టుండే మనిషి. నన్ను వెనక గదిలో పెట్టి, ఎదురుగా ఒక సైకిలూ ఒక అట్టపెట్టే చూపించి వెళ్ళిపోయాడు. అదే ఇంటర్వ్యూ, అదే ట్రైనింగు.

ఆ షాపుకొచ్చేవాళ్ళలో చాలామంది రిటైరైన పెద్దలు. ఏటా ఎండాకాలం చివర్లో జట్టుగా మధ్యధరా తీరాలకు వెళ్ళి గ్రావెల్ బైకులు తొక్కుతారు. గ్రావెల్ బైకంటే ఏమిటో నాకూ అక్కడే తెలిసింది: చూడటానికి రేసు సైకిల్లా వంగిన హ్యాండిలు, తొక్కడానికి కంకర రోడ్డుకు సరిపడా లావు టైర్లు. మా అనంతపురం వైపు అన్ని సైకిళ్ళూ గ్రావెల్ బైకులే, రోడ్డును బట్టి. కాకపోతే మేము దాన్ని హాబీ అనేవాళ్ళం కాదు, కాలేజీకి పోవడం అనేవాళ్ళం.

నా పని ఆ సైకిళ్ళను విమానానికి సిద్ధం చేయడం. ముందు చక్రం ఊడదీసి, హ్యాండిల్ తిప్పేసి, గొట్టాలకు స్పాంజి తొడుగులు వేసి, పసిపిల్లకు స్నానం చేయించి పడుకోబెట్టినంత జాగ్రత్తగా పెట్టెలో పెట్టాలి. అందులో కష్టమైన ఘట్టం ఎడమ పెడల్. దాని మర తలకిందులు. లోకంలో మిగతా మరలన్నీ ఎటు తిప్పితే వదులవుతాయో, అటు తిప్పితే ఇది ఇంకా బిగుసుకుంటుంది. ఈ సంగతి తెలియనివాడు ఎంత బలవంతుడైతే అంత నాశనం చేస్తాడు. పెట్టెకు టేపు వేసి, పైన ఏ దేశానికో చీటీ అంటిస్తున్నప్పుడు నాకు కలిగిన అసూయ ఆ పెద్దలమీద కాదు. వాళ్ళు నలభయ్యేళ్ళు పనిచేసి రిటైరయ్యారు, తొక్కుకోనీ. నా అసూయ సైకిల్ మీద. దానికి వీసా అక్కర్లేదు, వేలిముద్రలక్కర్లేదు, బ్యాంకు స్టేట్‌మెంటక్కర్లేదు, తిరిగొస్తానని ఎవరికీ ఒట్టు పెట్టక్కర్లేదు. ఇనుము మీదున్న నమ్మకం నా మీద ఏ దేశానికీ లేదు.

అంతవరకైతే నవ్వి ఊరుకునేవాణ్ణే. ఆ సైకిళ్ళు తిరిగొచ్చాక వచ్చింది చిక్కు.

విదేశీ మట్టి అంటుకుని రాకూడదన్నది రూలు కాబట్టి వాళ్ళు అక్కడే శుభ్రంగా కడిగించి తెచ్చేవారు. మట్టికి రూల్స్ తెలియవు గదా. సీటు గొట్టం మడతలోనో, నీళ్ళ సీసా పెట్టే చట్రం కిందో చిటికెడు దాక్కునేది. ఒకరోజు తడిగుడ్డతో అలాంటిదాన్ని తుడిచాను. ఎర్రమట్టి. తడి తగలగానే వాసన లేచింది. బర్నబీలో వానకు వాసనుండదు. పొద్దస్తమానం తడిగా ఉండే నేలకు వానొచ్చిందన్న ఆశ్చర్యమే ఉండదు. ఈ వాసన మాత్రం చిత్రావతి ఏటి ఒడ్డున మా తాత ద్రాక్షపందిరి కింద, తొలకరి చినుకు పడ్డప్పుడు లేచేదే. నేను గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకుని నిలబడి ఉండగా ఓనరు వచ్చి చూసి, వెంటిలేషన్ ఫ్యాను స్విచ్చి వేసి వెళ్ళిపోయాడు. నేను ఏ ద్రావకమో పీలుస్తున్నాననుకున్నాడు పాపం.

ఆ తర్వాత నుంచి ఆ పెద్దల్ని వాళ్ళ ప్రయాణాల ఫోటోలు అడిగి మరీ చూసేవాణ్ణి. ఎండిపోయిన ఏట్లో తెల్లని గుండ్రాళ్ళు, గట్టు మీద మేము చీనీ అనే బత్తాయి తోటల్లాంటి తోటలు, కొండవాలున రాతిమిద్దెలు, ఆ మిద్దెల నీడలో ఏ పనీ లేక చాలా బిజీగా కూర్చున్న ముసలాళ్ళు. ఒక్క తేడా, అక్కడ ద్రాక్షకు పందిరుండదు, తీగ మోకాలెత్తు పొదలా నిలబడుతుంది. మా తాత చూస్తే, పందిరికి కట్టెల్లేక కాపురం చేస్తున్నారనుకునేవాడు.

ఆ జట్టుకు పెద్ద ఒక రిటైరైన టీచరమ్మ. నేను ఫోటోలు చూసే తీరు చూసిందో ఏమో, ఆ ఏడు వేసవి మొదట్లో నన్ను పిలిచి, స్పెయిన్‌లో వ్యాను నడపడానికీ దారిలో సైకిళ్ళు బాగుచేయడానికీ ఒక కుర్రాడు కావాలి, ఖర్చులన్నీ మావే, వస్తావా అంది. నేను ఆలోచించి చెప్తానన్నాను. ఆలోచించాల్సింది నేను కాదు, ఇమ్మిగ్రేషన్ వాళ్ళు. చదువైపోయింది, స్టడీ పర్మిట్ గడువు దాటింది, వర్క్ పర్మిట్‌కి అప్లై చేసి కూర్చున్నాను. అది వచ్చేదాకా దేశంలో ఉండొచ్చు, పని చేసుకోవచ్చు, దేశం గడప దాటితే మాత్రం మళ్ళీ లోపలికి రావడం దేవుడి దయ. పంజరం తలుపు తీసే ఉంటుంది, చిలకే తెలివిగా లోపల కూర్చోవాలంతే.

ఇక్కడ వస్తాడు నా రూమ్మేట్. అమలాపురం పక్క ఊరు వాడిది. ఇద్దరం ఒకే రోజు, ఒకే చాప మీద కూర్చుని, ఒకే ల్యాప్‌టాప్‌లో అప్లై చేశాం. వాడిది వారాల్లో వచ్చింది. నాది ప్రాసెసింగ్. వాడు చేసిన పుణ్యమేమిటో నాకు తెలియదు. వాడి వంతు గిన్నెలన్నీ నేనే తోమేవాణ్ణి కాబట్టి ఆ పుణ్యమైతే కాదు.

టీచరమ్మకు వాడి పేరు చెప్పింది నేనే. వాడికి పని నేర్పింది కూడా నేనే, బేస్‌మెంట్ మెట్ల దగ్గర సైకిల్ తిరగేసి. పంచరు వచ్చింది, గేర్లు వచ్చాయి, ఎడమ పెడల్ మాత్రం రాలేదు. ప్రతిసారీ అడ్డంగా బిగించేవాడు.

"ఒరేయ్, అటు కాదురా, ఇటు!"

"ఇందాక ఇటే అన్నావు కదా బావా."

"ఇందాక కుడివైపు పెడల్‌రా నాయనా!"

"ఓహో. మరి దీనికేం పుట్టిందంట రోగం?"

స్పెయిన్‌కు కావాల్సిన షెంగెన్ వీసా కూడా వాడికి వచ్చేసింది. ఎయిర్‌పోర్టుకు దింపడానికి వెళ్ళి నవ్వుతూ చెయ్యి ఊపాను. ఆ నవ్వు కోసం ఎంత శ్రమపడ్డానో, నటనకు వర్క్ పర్మిట్ ఇచ్చేవాళ్ళుంటే ఆ క్షణమే ఇచ్చేసేవారు.

నాలుగో రోజు కాల్ చేశాడు. ఏటి నడిమధ్యన నిలబడి ఉన్నాడు, వెనక వ్యాను, ఆ వెనక కొండ, కొండ మీద ఊరు. నేను షాపులో, బయట వాన. ఎలా ఉందిరా అన్నాను.

"ఏముంది బావా, రాళ్ళు, ఎండ, ఎండిపోయిన ఏరు. అచ్చం మీ ఊరే. చుక్క నీళ్ళు లేని చోటు చూడ్డానికి ఇంతింత దూరాలొస్తన్నారు జనం, చోద్యం కాపోతే!"

మా ఊరిని వాడు చూసింది నా ఫోన్లో ఫోటోలుగానే. కాలవలూ కొబ్బరిచెట్లూ తప్ప ఎరగని కోనసీమవాడు, ఇంటి గురించి బెంగపడితే వానలో బర్నబీ ఏ మూల నిలబడ్డా సరిపోయే మనిషి, మా ఊళ్ళో నిలబడి విసుక్కుంటున్నాడు. నేను మా ఊరు చూసి అప్పటికి ఎన్నాళ్ళో. ఫోన్ అటు తిప్పి ఆ గట్టు చూపించరా అన్నాను. తిప్పాడు. గట్టు మీద ఒక ముసలాయన పాత సైకిల్ నడిపించుకుంటూ, వెనక బుట్టలో ద్రాక్షగుత్తులు పెట్టుకుని పోతున్నాడు. సిగ్నల్ తెగిపోయింది.

వాడు తిరిగొచ్చిన వారమే నా వర్క్ పర్మిట్ వచ్చింది. ప్రభుత్వాలకు హాస్యం తెలియదని ఎవరన్నారో గానీ. వాడు నాకు తెచ్చిన కానుక ఎయిర్‌పోర్టు చాక్లెట్, అది కూడా తిరుగుప్రయాణంలో టొరంటోలో కొన్నది. పైగా ఎండా దుమ్మూ అని తిట్టినవాడే, మరుసటి వేసవికల్లా అప్పు చేసినంత పనిచేసి సొంత గ్రావెల్ బైకు కొన్నాడు. ప్రయాణం పోతే పోయింది, నా కోరికను కూడా వాడే పట్టుకుపోయాడే అని అప్పుడు నిజంగా ఏడుపొచ్చింది. ఉల్లిపాయలు కోసే వంతు నాదే కావడం కలిసొచ్చింది.

పీఆర్ వచ్చాక, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండనిస్తామన్నాక, మా ఊరు వెళ్ళాను. ఒక సైకిల్ ఇప్పించమని మా చిన్నాయన్ని అడిగితే ఆయన చేతిలో కాఫీ గ్లాసు ఆగిపోయింది.

"ఏం నాయనా, ఆడ ఉజ్జోగం ఏమన్నా పోయిందా?"

లేదు చిన్నాయనా, ఊరికే ఏటి దాకా తొక్కుదామని అంటే నమ్మలేదు. ఏసీ కారులో తీసుకెళ్ళి చూపించాడు, చూడాల్సినవన్నీ. ద్రాక్షపందిరి రాతిస్తంభాలు పీకేశారు. ఆ నేలంతా సోలార్ పలకలు, మబ్బు లేని ఆకాశానికి ముఖం పెట్టి, వరసలు వరసలుగా. మిద్దెలు పోయి మేడలొచ్చాయి, దారి తారుదైంది, మంచిదే, అందరూ బాగున్నారు. ఎవరికీ నష్టం జరగలేదు కాబట్టి ఎవరి మీదా కోపం తెచ్చుకోవడానికి లేదు. అదొక ఇబ్బంది.

మా ఊరు మునుపటిలా ఉండే చోటు ఇప్పుడు నాకు తెలిసి ఒక్కటే, అది స్పెయిన్‌లో ఉంది, దాన్ని చూసినవాడు అమలాపురం వాడు. ఇన్నేళ్ళలో నేను వెళ్ళలేక కాదు. పీఆర్ ఉంది, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఎవరికైనా చూపించేలా ఉన్నాయి, గోడకు కొక్కేనికి నా సొంత గ్రావెల్ బైకు వేలాడుతోంది, దాని హ్యాండిల్ మీద తువ్వాలు ఆరేస్తున్నాను. వాడు ముందే చూసేసిన మా ఊరికి రెండోవాడిగా వెళ్ళడానికి మనసొప్పలేదు, అంతే.

మొన్న ఫోన్లో పెడల్ ఎటు తిప్పాలో చెప్పాను. సరిగ్గానే చెప్పాను, ఒక్క క్షణం ఆలోచించి. పెడల్ ఊడింది. ఊడిన సంతోషంలో వాడు ముఖం చూపించి అన్నాడు:

"నువ్వూ వచ్చెయ్ బావా ఈసారి. మీ ఊరు చూపిత్తాను."

చూస్తాలేరా అని పెట్టేశాను. అప్పట్లో ఎక్కడికీ పోలేని వాళ్ళం, కలిసి ఏడ్చుకోవడానికైనా ఒక బేస్‌మెంటు ఉండేది. ఇప్పుడు ఎక్కడికైనా పోగలం, ఎవరి ఊళ్ళో వాళ్ళం, ఎవరి గోడకు వాళ్ళ సైకిలు.

ఆ సాయంత్రం తువ్వాలు తీసి పక్కన పడేసి, సైకిల్ దించి, పానా వెతికాను. కుడి పెడల్ వెంటనే వచ్చేసింది. ఎడమది ఎటు తిప్పాలో లోకంలో అందరికన్నా నాకే బాగా తెలుసు. అటే తిప్పాను, కదల్లేదు. ఏళ్ళ తరబడి వాడకపోతే అలాగే పట్టేస్తుంది. మర మొదట్లో రెండు చుక్కలు నూనె వేసి ఉంచాను. నానాలి.