గిర్ని గదిలో సూపర్‌చార్జర్

రండి, గడప దగ్గర కాదు, ఇట్లా చాప మీదికి జరిగి కూర్చోండి. చేతిలో ఫోను పక్కన పెట్టండి, అందులో ఉన్నవన్నీ రేపు కూడా ఉంటాయి. మేడ్చల్ బజారు గల్లీలో మా పిండిగిర్ని ఆడిన గదిలోకి సూపర్‌చార్జర్ అనే మిషను ఎట్లా వచ్చిందో, దాన్ని ఎవరు ఎంచారో, ఎవరు పాడుచేశారో చెబుతాను. పాడుచేసింది ఎవరో నాకు చివరిదాకా తెలియలేదు. ముందే తెలిసి ఉంటే ఈ ముచ్చట ఇంత పొడవు అయ్యేది కాదు.

నేను నాలుగో తరగతి దాకా చదివాను. మా ఆయనకు అదీ లేదు. కానీ ముప్పై ఏళ్లు గిర్ని నడిపాడు. అటు బస్సుడిపో దాకా, ఇటు రైలు స్టేషను దాకా జనం గోధుమలూ జొన్నలూ డబ్బాల్లో తెచ్చి మా అరుగు మీద వరస పెట్టేవారు. ప్యాకెట్ల పిండి వచ్చాక డబ్బాలు తగ్గాయి. ఒక రోజు ఒక్క డబ్బా కూడా రాలేదు. ఆ సాయంత్రం మా ఆయన మోటారు స్విచ్చి ఆపి, మళ్లీ వేయలేదు.

మా కొడుకు పగలు ఒక కార్ల వర్క్‌షాపులో పని చేసేవాడు. ఆ గది అడిగాడు. సొంతంగా కార్లు బాగుచేస్తానన్నాడు. మామూలుగా బాగుచేయడం కాదు, మంచిగా ఉన్న కారును ఇంకా మంచిగా చేస్తాడట. బాగున్నదాన్ని బాగుచేయడం ఏమిటో నాకు ఈనాటికీ సరిగ్గా అర్థం కాలేదు. గదిలోంచి గిర్ని రాళ్లను తీసి, ఒకదాన్ని వాకిట్లో కూర్చునే బండగా వేశాడు. అంతే, ఆ రోజు నుంచి మా ఆయన కొడుకుతో మాటలు మానేశాడు. గదిలో కాలు పెట్టలేదు. పొద్దున లేస్తే ఆ రాయి మీదనే కూర్చునేవాడు, ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు.

మాటలు మానడమంటే మీరు నిశ్శబ్దం అనుకునేరు. అంతకుముందుకంటే ఎక్కువే మాట్లాడుకునేవారు, కాకపోతే నా మీదుగా.

"నీ కొడుక్కు చెప్పు," అని మూడేళ్లు చూసి మా ఆయన నాతో అన్నాడు, కొడుకు పక్కనే కూర్చొని అన్నం తింటున్నప్పుడు. "దసరా దాక సూస్త. అప్పటికి నాలుగు బండ్లు మన వాకిట్లకు రాకుంటే, గది మొబైల్ దుకాణమాయనకు ఇస్త."

"అమ్మా, బాపుకు చెప్పు," అన్నాడు కొడుకు. "నా బండి తయారైతే నలుగురు సూస్తరు. సూస్తే వస్తరు. గా బండే నా బోర్డు."

ఆ బండి ఒక ఎర్ర కారు. రెండే తలుపులు. పట్నంలో ఎవరో పెద్దమనిషి మోజుపడి కొని, మోజు తీరి అమ్ముకున్నది. నేలకు ఎంత దగ్గరగా ఉంటుందంటే, దిగాలంటే ముందు కింద కూర్చొని తర్వాత లేవాలి. ఆదివారం పొద్దున శామీర్‌పేట చెరువు దగ్గర ఒక చాయ్ హోటలుకు ఇట్లాంటి బండ్లవాళ్లు పోగవుతారు. ఒకరి బండి మూత ఒకరు ఎత్తి చూసుకుంటారు, పెళ్లిచూపుల్లాగా. అక్కడ మా వాడి బండి మెచ్చితే పని దొరుకుతుంది. మెచ్చాలంటే సూపర్‌చార్జర్ ఉండాలి.

సూపర్‌చార్జర్ అంటే భయపడకండి. ఇంజనులోకి గాలిని గట్టిగా ఊదే మిషను. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ కాలుతుంది, బండికి బలం వస్తుంది. కట్టెల పొయ్యి ముందు కూర్చొని ఊదుగొట్టంతో నేను చేసిన పనే. నేను చేసినప్పుడు ఎవరూ మూత ఎత్తి చూడలేదు.

కంపెనీ బండితో పాటు ఇచ్చేది కాదు కాబట్టి బయట ఏరుకోవాలి. ఏరడానికి మచ్చ బొల్లారం నుంచి కొడుకు దోస్తు వచ్చాడు. ఆ పిల్లగాడికి సొంత కారు లేదు, అందుకే అన్ని కార్ల గురించీ తెలుసు. ఇద్దరూ నా కూర తింటూ నాలుగు ఆదివారాలు ఏరారు. నా పెళ్లికొడుకును మా నాయిన ఒక్క పూటలో ఏరాడు.

ఉన్నవి రెండు రకాలు. ఒకటి ఇంజను నెత్తిన కూర్చునేది. లోపల రెండు మెలికల రోలర్లు, చెరుకురసం మిషనులో లాగా ఎదురెదురు తిరుగుతూ గాలిని నెడతాయి. రెండోది పక్కన వేలాడే నత్తగుల్ల లాంటిది. రెండూ ఇంజను బెల్టుతోనే తిరుగుతాయి. రోలర్లది బండి కదలగానే బలమిస్తుంది. నత్తగుల్లది వేగం పెరిగినకొద్దీ ఇస్తుంది.

"నత్తదే వెట్టు మామా," అన్నాడు దోస్తు మా వాడితో. "పైకివోతే మస్తుంటది. అందరు గదే వెడ్తున్రు. పెద్దమ్మా, గా పప్పు ఇంకింత ఏస్తవా?"

వాకిట్లో రాయి మీదినుంచి మా ఆయన గొంతు వచ్చింది. "ఏమే, బండి ఏ తొవ్వల నడుస్తదో అడ్గు."

"మేడ్చల్‌కెళ్లి శామీర్‌పేటకు," అన్నాడు కొడుకు గోడ వైపు చూస్తూ.

"గా తొవ్వల బ్రేకర్లెన్ని, గొర్ల మందలెన్ని, టిప్పర్లెన్ని? ఆగుడు, లేసుడు, మళ్ల ఆగుడు. గిర్నిల గింజలు పోయంగనే రాయి గుంజాలె. డబ్బ ఖాళీ అయినంక గుంజితే ఏం ఫాయిదా? లేసేటప్పుడు బలం గావాలె గని, విమానం లెక్క ఎగిరేటప్పుడు గాదు."

కొడుకు ముద్ద కలపడం ఆపాడు. "అమ్మా, రోలర్లది గాలిని వేడిజేస్తదంటరు. వేడిగాలికి బలముండదు."

"రాయి బిర్రుగ వెడ్తె పిండి గూడ కాల్తది. సల్లార్చుకునే తోవ సూస్కొమ్మను."

చూసుకున్నాడు. నీళ్లతో గాలిని చల్లార్చే ఏర్పాటున్న రోలర్ల మిషను దొరికింది. దానికి పెట్టే పుల్లీ దగ్గర మళ్లీ పంచాయితీ. చిన్న పుల్లీ పెడితే మిషను ఇంకా జోరుగా తిరుగుతుంది, బలం ఇంకా వస్తుంది. దోస్తు అన్నింటికంటే చిన్నది పెట్టమన్నాడు.

"పుల్లీ సిన్నగయితే బెల్టుకు పట్టు తగ్గుతది," అన్నాడు మా ఆయన, పొగాకు నలుపుతూ. "రాయి గూడ జోరుగ తిరుగుతది. నేను ఓపారి వెట్టిన. గల్లీ గల్లీ మాడిన పిండి తిన్నదా లేదా, నువ్వే చెప్పు."

తిన్నది. మా అత్త బతికున్నన్నాళ్లూ ఆ రొట్టెల మాట ఎత్తేది. మధ్యరకం పుల్లీ వచ్చింది. దోస్తు అలిగి ఆ ఆదివారం రెండోసారి పప్పు అడగలేదు.

మా కోడలు ఇవన్నీ వింటూ ఒక్క మాటే అన్నది. "అత్తమ్మా, ఇంజన్‌కు గాలి మిషనొచ్చింది. నా మిక్సీకి జారు ఎప్పుడొస్తదో మామను అడ్గుండ్రి."

దసరాకు పదిహేను రోజులుందనగా బిగించడం పూర్తయింది. ఇంజను మీద అది తళతళా మెరుస్తూ, కొత్త ఇత్తడి బిందెలాగా కూర్చుంది. గండిమైసమ్మ దగ్గరికి తీసుకుపోయి కొబ్బరికాయ కొట్టిద్దామన్నాను.

"అమ్మా, గండిమైసమ్మ ఒక దిక్కు, శామీర్‌పేట ఇంకో దిక్కు. తర్వాత పోదాం తియ్," అన్నాడు.

ఇంటికి వచ్చిన మిషనుకు పూజ తర్వాత చేస్తారా? గిర్నికి నేను ఏటా దసరాకు చేసేదాన్ని. నీళ్లతో కలిపిన పసుపు ఇనుము మీద నిలవదు, ఎండి రాలిపోతుంది. అందుకని నువ్వుల నూనెతో కలిపేదాన్ని. వాడు స్నానానికి పోయినప్పుడు నేను గదిలోకి పోయి మూత కింద మిషనుకు పసుపు పూశాను, కుంకుమ పెట్టాను. పుల్లీలకు పెట్టాను. బెల్టుకు కూడా, దానిదేం తప్పు, చెయ్యి అందినంత మేర చక్కగా పట్టించాను. పని చేసేది అదే కదా. దండం పెట్టుకొని, మూత వేసి వచ్చాను.

ఆ రోజు బండి గల్లీ దాటకముందే కీచుమన్నది. గల్లీలో కుక్కలన్నీ లేచి నిలబడ్డాయి. వాడు తొక్కితే అరుపు పెరుగుతుంది గానీ బండి లేవదు. తిరిగొచ్చి మూత ఎత్తి పెట్టుకొని కూర్చున్నాడు. మిషను మీది పసుపు నా చేతిదే అనుకొని పైపైన తుడిచేశాడు. బెల్టు బిగించాడు. రెండు రోజులు తగ్గింది, మూడో రోజు మళ్లీ అరిచింది. కంప్యూటరు తెచ్చి ఇంజనుకు తీగ తగిలించి గీతలు చూశాడు. దోస్తు ఫోనులోనే గెలిచినట్టు మాట్లాడాడు. "నేన్జెప్పలే మామా? నత్తదైతే గిట్లుంటుండెనా?"

మా వాడు అన్నం సగం తిని లేచేవాడు. "తప్పు మిషను ఏరిన అమ్మా," అన్నాడు ఒక రోజు. బాపు మాట విని ఏరానని అనలేదు. అనకపోయినా వాకిట్లో రాయి మీద ఉన్నాయనకు వినపడింది. ఆ పూట ఆయన చాయ్ చల్లారిపోయింది. నేనేమో, పూజ చేశాను కాబట్టి ఇంతకంటే పెద్ద ఆపద రాలేదు అని లోపల సంతోషించాను.

దసరాకు ముందు శనివారం మొబైల్ దుకాణం ఆయన టేపు పట్టుకొని గది కొలవడానికి వచ్చాడు. మా వాడు ఆయన వైపు చూడకుండా ఇంజను స్టార్టు చేశాడు. ఇంకొక్కసారి చూద్దామని కావచ్చు, ఆయన మాటలు వినొద్దని కావచ్చు. అది మళ్లీ కీచుమన్నది.

మా ఆయన రాయి మీదినుంచి లేచాడు. గడప దాటి, మూడేళ్లుగా అడుగు పెట్టని గదిలోకి పోయాడు.

"ఆపురా!" అన్నాడు.

కొడుకు ఆపాడు. అరుపుకు కాదు, తనతో అన్నందుకు ఆగాడని నా నమ్మకం.

"బెల్టు జారుతాంది. ముప్పై ఏండ్లు విన్న సప్పుడు, నాకెరిక లేదా?" పుల్లీ మీద వేలితో తుడిచాడు, వాసన చూశాడు. ఆ వేలు అట్లాగే పట్టుకొని నా వైపు తిరిగాడు. "నువ్వుల నూనె. ఏమే, పూజ జేసినవా?"

"చేయకుంట ఎట్లుంట?" అన్నాను.

"బెల్టుకు గూడ?"

"గిర్నికి చేయలేదా నేను?"

"గిర్నికి నువ్వు జేసేముందు బెల్టు తీసి గోడకున్న మొలకు తగిలిస్తుంటి గదనే! తెల్లారి పుల్లీలు తుడిసి మళ్ల ఎక్కిస్తుంటి."

ముప్పై దసరాలు చూశాను ఆ పని. బెల్టుకు కూడా పండుగ పూట సెలవు ఇస్తున్నాడనుకున్నాను. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

మా వాడు నవ్వాడు. ముందు నెమ్మదిగా, తర్వాత ఇంజను మీద చెయ్యి ఆనించి. "బాపూ, పది దినాల సంది కంప్యూటర్ల ఎతుకుతున్న నేను!" నవ్వులో నవ్వుగా బాపుతో నేరుగా మాట్లాడిన సంగతి వాడికే తెలియలేదు. కోడలు వచ్చి, "అత్తమ్మా, నా మిక్సీకి మాత్రం పూజ జెయ్యకుండ్రి," అన్నది. టేపు ఆయన గది పొడవు ఒకటే కొలిచి, వెడల్పు కొలవకుండా నిలబడిపోయాడు.

ఇద్దరూ కలిసి పుల్లీలు తుడిచారు, కొత్త బెల్టు ఎక్కించారు. ఆదివారం పొద్దున నన్ను వెనక సీట్లో, పెట్టెలో చీర మడిచి పెట్టినట్టు పెట్టారు. ముందర తండ్రీకొడుకులు. దారిలో బ్రేకరు దగ్గర ఆగింది, గొర్ల మంద కోసం ఆగింది, టిప్పరు వెనక ఆగింది. ఆగినప్పుడల్లా లేచింది చూడండి, నా వీపు సీటుకు అతుక్కుపోయింది. "సూసినవా?" అన్నాడు మా ఆయన, ప్రతి బ్రేకరు దగ్గరా. అంత బలం పెట్టుకొని మేము శామీర్‌పేట చేరేసరికి, మాకంటే ముందు బయలుదేరిన బస్సు మాకంటే ముందే చేరింది.

హోటలు దగ్గర నలుగురు మూత ఎత్తి చూశారు. ఏ మిషను, ఏ పుల్లీ, ఎందుకు అని అడిగారు. మా వాడు నోరు తెరిచేలోపు మా ఆయన మొదలుపెట్టాడు, గింజల దగ్గరనుంచి. చాయ్ రెండుసార్లు వచ్చింది. పండుగ లోపల మూడు బండ్లు మా వాకిట్లోకి వచ్చాయి. నాలుగోది దసరా తెల్లారి వచ్చింది. ఒక్క రోజు ఆలస్యానికి మా ఆయన ఏమంటాడోనని చూశాను. మొబైల్ దుకాణం ఆయనతో, "గది ఖాళీ లేదు," అన్నాడు.

ఇప్పుడు మా ఆయన పొద్దంతా ఆ గదిలోనే ఉంటాడు. వచ్చినవాళ్ల పుల్లీలు తానే చూస్తాడు. "అమ్మా, బాపును జరసేపు బయట కూసోమను," అని మా వాడు నా దగ్గరికి వస్తాడు, మళ్లీ నా మీదుగానే. గోడకు పాత మొల ఇంకా ఉంది. దసరాకు బెల్టు దానికి తగిలించాకే నన్ను లోపలికి రానిస్తారు.

లేవండి ఇక, మీ ఇంట్లో పని ఉంటుంది. మీ ఇంటి నూనె మీ దీపంలోనే వెలగాలి, మీ ఇంటి మాటలు మధ్యన మనిషి లేకుండా చేరాలి, మీ వాకిలి ఎప్పుడూ వచ్చేవాళ్లతో నిండుగా ఉండాలి. మీ పిల్లాపాపలు చల్లగా ఉండాలి.