గొర్రెలకు గిట్టని సెంటు

తప్పు నాదే. గొర్రెల దగ్గరికి సెంటు కొట్టుకుని వెళ్లింది నేనే. ఒక్కరోజు కాదు, వారం రోజులు. మా దిక్కు భూమిని గుంటల్లో కొలుస్తారు కాబట్టి సెంటు అంటే సీసాలోదే. దుబాయి నుంచి వచ్చినవాడి ఒంటిమీద ఆ వాసన లేకపోతే పని ఊడి వచ్చాడని ఊరు అనుకుంటుంది. ఈ సంగతి మా అక్క భర్త విమానాశ్రయం నుంచి మా ఊరు మర్రిగూడ దాకా దారి పొడుగునా నాకు బోధించాడు. బావ నాకంటే ముందే దుబాయి చూసి వచ్చినవాడు.

"బామ్మర్దీ, ఇంట్లకెల్లి ఎల్లేటప్పుడు గుస్సున కొట్టుకోవాలె. లేకుంటే ఇజ్జత్ ఉండది."

నా ఇజ్జత్ సంగతి నాకు తెలుసు. అక్కడ పెద్ద దుకాణాల భవనంలో ఆరేళ్లపాటు గొప్పవాళ్ల అడుగుజాడల్లో నడిచాను, తుడుపుకర్రతో వాటిని తుడుస్తూ. ఇక చాలనిపించి, మా నలభై గొర్రెలను నమ్ముకుని వచ్చేశాను. అవే నన్ను నమ్మలేదు.

మొదటి రోజు పొద్దున్నే దొడ్డి తడక తీసి, నాయిన పిలిచినట్టే నాలుక ఆడించి "ట్ర్ర్ర్" అన్నాను. నలభై ముక్కులు ఒక్కసారి పైకి లేచాయి. ఆ తరువాత నాకు తోకలే కనిపించాయి. మంద గుట్ట వైపు, నేను మంద వైపు. దారిలో పత్తి తొక్కించినందుకు ఓ రైతు దుబాయితో కలిపి నన్ను తిట్టాడు. చివరికి మా ఆవిడ వచ్చి పిలిస్తే అన్నీ పెళ్లికి పిలిచినట్టు వచ్చాయి. నేను లేని ఆరేళ్లూ నాయినతో కలిసి వాటిని కాసింది ఆమే మరి.

"గొర్లు గూడ అద్దాల బంగ్లల ఉంటయనుకున్నవా?" అని నవ్వింది.

నాయిన నవ్వలేదు. జీవితమంతా మా ఫ్లోరైడు బోరు నీళ్లు తాగిన మోకాళ్లు ఆయనవి. వంగితే లేవవు, లేస్తే వంగవు. ఇక మంద వెంట తిరగలేడు. ఇల్లూ, చెల్క సేద్యమూ చూసుకుంటూ మా ఆవిడ ఒక్కతే ఎంతకాలం తిరుగుతుంది?

"దసరా దాకా చూస్త. గొర్లు నీ మాట ఇనకపోతే అమ్మేస్త. నువ్వు మల్ల ఇమానం ఎక్కు," అన్నాడు.

దసరాకు ఇరవై రోజులుంది. మంద పోతే నాకు మళ్లీ ఆ నేలే, ఆ తుడుపుకర్రే. బేరగాణ్ణి నేను తీసుకొస్తానని బావ అప్పుడే మాట ఇచ్చేశాడు, ఎవరూ అడగకపోయినా.

వారం రోజులు అవి ఉరికాయి, నేను ఉరికాను. ఎనిమిదో నాడు మా ఆవిడ నా చొక్కా దగ్గరికి వచ్చి ముక్కు మూసుకుంది.

"ఓ సాబూ, గీ వాసనకు నేనే దూరం జరుగుతున్న. గొర్లు జరగయా?"

"మరి నా ఇజ్జత్?"

"గొర్లకు నీ ఇజ్జత్‌తోని ఏం పని? సబ్బు గూడ బంద్ చెయ్యి."

నాయిన కప్పుకునే గొంగడి తెచ్చి నా నెత్తిన వేసింది. మా పెళ్లికి ముందు నుంచీ నీళ్లు చూడని గొంగడి అది. దాన్ని కప్పుకుని పెంట ఎత్తాను, గొర్రెపిల్లలను పాలకు విడిచాను, మధ్యాహ్నాలు దొడ్డిలోనే కునికాను. చాయ్ తాగుదామని హోటలుకు వెళ్తే బెంచీ మీది వాళ్లంతా లేచి నిలబడ్డారు. దుబాయిలో ఆరేళ్లు పనిచేసినా నన్ను చూసి ఇంతమంది ఎప్పుడూ లేవలేదు.

గొంగడి కప్పుకున్న ఐదో రోజున ఓ ముసలి గొర్రె వచ్చి దాని అంచు నమలడం మొదలుపెట్టింది. నేను ఊపిరి కూడా గట్టిగా తీయలేదు.

దసరాకు రెండు రోజుల ముందు బావ అన్నంత పనీ చేశాడు. బేరగాడు ట్రాలీ ఆటోతో సహా దిగాడు. మంద గుట్ట వాలులో మేస్తోంది. నాయిన మంచం మీద కూర్చుని, "పిలువు" అన్నాడు.

నోరు ఎండిపోయి మొదటిసారి గాలే వచ్చింది. బావ కిసుక్కున నవ్వాడు. రెండోసారి గొంతు పలికింది. ముసలి గొర్రె తల ఎత్తి, నమలడం ఆపి, కాసేపు ఆలోచించి, కదిలింది. దాని వెనక మిగతావి. ఒక్కటి మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది.

"అది నేను పిలిచినా రాది," అన్నాడు నాయిన. తరువాత బేరగాడి వైపు తిరిగి, "చాయ్ తాగి పో బిడ్డా. గొర్లను నేను అమ్మ," అన్నాడు. మా ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంటూ పొయ్యి దగ్గరికి వెళ్లింది. చాయ్‌లో ఆ రోజు చక్కెర రెండింతలు పడింది.

దసరా సాయంత్రం బావ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో వచ్చాడు. మనిషి కంటే ముందు సెంటు వచ్చింది. నేను అప్పుడే మందను దొడ్డికి తోలి, గొంగడితోనే ఎదురువెళ్లాను. అక్క మగడు, పెద్దవాడు. జమ్మి పెట్టి అలాయ్ బలాయ్ తీసుకోకపోతే మర్యాద కాదు. చేతిలో జమ్మాకు బంగారం పెట్టి కుడివైపు హత్తుకున్నాను. ఎడమవైపు హత్తుకున్నాను. మళ్లీ కుడివైపు.

"సాలు బామ్మర్దీ, సాలు!" ఊపిరి బిగపట్టుకుని అన్నాడు బావ.

"పండుగ గద బావా," అని గొంగడి విప్పి, ఈసారి ఇద్దరికీ కలిపి కప్పాను.