నీళ్ళోసుకుందని చెప్పినాను

ఏళ్ళ తరబడి దీన్ని మోస్తున్నాను. అన్నం తినేటప్పుడు, చీర కుచ్చిళ్ళు సర్దుకునేటప్పుడు, ఎవరితోనైనా పకపకా నవ్వేటప్పుడు కూడా లోపల ఒకచోట బరువుగా తగుల్తా ఉంటుంది. మా ఆయనకి చెప్పలేదు. మా అమ్మ పోయేముందు ఆమెకన్నా చెబుదామనుకున్నాను, నోటిదాకా వచ్చి ఆగిపోయింది. మీకెందుకు చెబుతున్నానంటారా? మీరెవరో నాకు తెలీదు గనుక. మీరు మా ఇంటికి రారు, మా మరిది ముఖం చూడరు.

నా పేరు వద్దులెండి. సంగం దగ్గర పెన్న నీళ్ళ మీద వరి పండించుకునే ఇల్లు మాది. ఆ ఇంటికి పెద్దకోడల్ని నేను. నాకు నోరెక్కువని ఊరంతా అంటారు. నిజమే, ఎవరన్నా ఒక మాటంటే ఊరుకునే రకం కాదు. అంత నోరుండి కూడా ఒక్కసారి తెరవాల్సినప్పుడు తెరవలేదు. అదే నేను చెప్పబోయేది.

మా మరిదిని పెంచలయ్య అనుకోండి. నేను కాపురానికొచ్చే నాటికి పదో తరగతి చదివేవాడు. అప్పట్నుంచీ నా చేతి అన్నమే, అబ్బయ్యా అనే పిలుస్తాను. ఇంటి పనిలోనూ ఊరి పనిలోనూ ముందుండే మనిషి, ఒట్టి అమాయకుడు. ఫోనొస్తే స్పీకరు పెట్టి వీధంతా వినపడేట్టు మాట్లాడతాడు. అతని భార్య సుజాత, వాకాడు వైపు పిల్ల. వచ్చినప్పట్నుంచీ అక్కా అక్కా అని నా వెంటే తిరిగేది. నాకూ ఆ పిల్లంటే ఇష్టం. ఈ మాట చెప్పకుండా మిగతాది చెబితే మీరు నన్ను రాక్షసి అనుకుంటారు. అనుకోండి, కానీ ఇష్టం మాత్రం అబద్ధం కాదు.

నాకు పిల్లల్లేరు. నెల్లూరులో చూపించుకోని డాక్టరు లేడు, మొక్కని దేవుడు లేడు. సుజాతకీ పెళ్ళయి నాలుగేళ్ళయినా ఏమీ లేదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, అది నాకొక ధైర్యం. ఇంట్లో నేనొక్కదాన్నే కాదులే అని.

ఆ కార్తీకంలో మా పొదుపు సంఘం ఆడోళ్ళమంతా కలిసి మైపాడుకి బస్సు మాట్లాడుకున్నాం. పొద్దున్నే బయల్దేరి సముద్రంలో తానాలు, మధ్యాహ్నం సరివి తోపులో వనభోజనం, చీకటి పడేలోపల ఇంటికి. మగోళ్ళు కూడా కొందరు వస్తామన్నారు. మామూలు రోజుల్లో సముద్రాన్ని తాకకూడదంటారు మావైపు పెద్దోళ్ళు, కార్తీకంలో మునిగితే పుణ్యం. మా అత్త నన్ను పిలిచి, ఈసారి మనసులో బిడ్డని తలుచుకోని మునగమే అంది. వారం ముందునుంచే నా మనసంతా ఆ మునక మీదే ఉండింది.

బయల్దేరే పూట పెంచలయ్య గిన్నెలూ పొయ్యీ బియ్యం మూటలూ వేసుకోని టెంపోలో తెల్లారకముందే పోయినాడు. సుజాత రావట్లేదు. ఆ పిల్లకి కొన్నాళ్ళుగా ఒళ్ళు వెచ్చగా, తల తిరగడంగా ఉంటే జొరమనుకున్నాం. నేను జడలో పూలు పెట్టుకుంటుంటే వచ్చి నా చెయ్యి పట్టుకోని పశువుల కొట్టం వెనక్కి లాక్కుపోయింది. కొంగులోంచి పరీక్ష చేసుకునే పుల్ల తీసి చూపించింది. రెండు గీతలు. ఏడుస్తా ఉంది, నవ్వుతా ఉంది.

"ఎవరికీ చెప్పొద్దక్కా, మూడో నెల దాకా. ఆయనకి మాత్రం చెప్పు. ఫోన్లో చెబితే స్పీకరు పెడతాడు, టెంపోలో అందరికీ తెలిసిపోతుంది. నువ్వే పక్కకి పిలిచి చెప్పు. మునక్కుండా చెప్పక్కా. నాకు నమ్మకమని కాదు, భయం."

భార్య కడుపుతో ఉంటే మొగుడు సముద్రంలో మునగకూడదు. ఇది మా ఇళ్ళల్లో పసిపిల్లలకి కూడా తెలుసు. సంగతి చెవిన పడితే చాలు, పెంచలయ్య ఒడ్డునే ఉండిపోతాడు. సరే తల్లీ అన్నాను. దగ్గరికి తీసుకున్నాను, బుగ్గ నిమిరినాను కూడా.

బస్సెక్కి కూర్చున్నాక నాకు కుళ్ళు పుట్టింది. వేరే మాట వెతకను, దాని పేరు అదే. ఆడోళ్ళు పాటలు పాడుతున్నారు, ఎవరో నా చేతిలో మరమరాలు పోసినారు. నేను కిటికీలోంచి చూస్తా ఒకటే అనుకుంటున్నాను, నేను అడగడానికి పోతుంటే ఆ పిల్లకి ఇంట్లో ఉండగానే ఇచ్చేసినాడే దేవుడు! రేపట్నుంచి ఆ ఇంట్లో నేనేంది? సీమంతంలో గాజులు తొడిగేదానికి కూడా నన్ను ముందుకు రానిస్తారా? ఇట్లాంటివన్నీ అనుకున్నాను. అనుకోవడం తప్పా? ఏమో. అక్కడితో ఆగుంటే ఇవాళ మీకు ఈ సోది ఉండేది కాదు.

మైపాడులో ఇసకేస్తే రాలనంత జనం. అరటిదొప్పల్లో దీపాలు వదిలేవాళ్ళు, ఐస్ బండ్లు, దూరం పోవద్దని ఈలలు వేసే పోలీసులు. తోపులో ఉసిరిచెట్టు లేదని మావాళ్ళు ఊర్నుంచే ఒక ఉసిరికొమ్మ తెచ్చి ఇసకలో గుచ్చి, దాని చుట్టూ పొయ్యిలు పెట్టినారు. పెంచలయ్య అప్పటికే చెమటలు కక్కుతున్నాడు. నన్ను చూసి గబగబా వచ్చినాడు.

"వదినా, సుజాతకెట్లుంది? లేచిందా?"

"లేచింది. నీళ్ళోసుకుంది."

మా వైపు కడుపు నిలిచిందని పచ్చిగా అనం. నీళ్ళోసుకుంది అంటాం. తానం చేసినా నీళ్ళోసుకుంది అనే అంటాం. జొరం తగ్గి ఒంటిమీద నీళ్ళు పడినా అదే మాట. వినేవాళ్ళు సందర్భాన్ని బట్టి తెలుసుకుంటారు. ఆ అబ్బయ్యకి తెలిసిన సందర్భమంతా పెళ్ళానికి జొరమని.

"అమ్మయ్య! జొరం తగ్గినట్టే అయితే," అన్నాడు. ముఖం వెలిగిపోయింది.

ఇక్కడ నన్ను నేను వెయ్యిసార్లు అడుక్కున్నాను. ఆ మాట కావాలని ఎంచుకున్నానా? లేదనే అనుకుంటాను, అది మా నోళ్ళలో నలిగిన మాట, నాకు తెలీకుండానే వచ్చింది. కానీ అతను జొరం తగ్గిందన్న క్షణాన నాకు తెలిసిపోయింది, వేరుగా అర్థమయిందని. అది కాదురా అబ్బయ్యా, ఇట్లా రా అని పక్కకి పిలిస్తే అయిపోయేది. ఎంతసేపు పడుతుంది? అతను చొక్కా విప్పి మడత పెట్టినాడు, ఫోను ఆ మడతలో పెట్టినాడు, వదినా కాస్త పట్టుకో అని నా చేతికిచ్చినాడు, లుంగీ ఎగ్గట్టుకున్నాడు. అంత సమయముంది నాకు. నేను చొక్కా పట్టుకోని నిలబడినాను. అతను మావాళ్ళ పిల్లల్ని వెంటేసుకోని అలల్లోకి పరిగెత్తినాడు.

తర్వాత ఆ చొక్కా ఒకామె చేతిలో పెట్టి నేనూ దిగినాను. ముక్కు మూసుకోని మునిగి, నాకొక బిడ్డనివ్వు తల్లీ అని సముద్రాన్ని అడిగినాను. కాస్త దూరంలో అతను మునిగి లేస్తా, పిల్లల మీద నీళ్ళు చల్లుతా కేకలు వేస్తున్నాడు. ఆ పూట పులిహోర, వంకాయ కూర, చక్కెర పొంగలి. నేను కొసరి కొసరి వడ్డించినాను అందరికీ.

ఇంటికొచ్చేసరికి సుజాత వాకిట్లో నిలబడుంది. మొగుడి తల చూసింది, ఇసక అంటిన లుంగీ చూసింది. మునిగినావా అనడిగింది. మునిగినాను, ఎంత బాగుండిందో, నువ్వు రావాల్సిందిమే అన్నాడు అతను నవ్వుతా. ఆ పిల్ల వంటింట్లోకి నా వెనకే వచ్చి, చెప్పినావా అక్కా అంది. చెప్పినాను, నీళ్ళోసుకుందని చెప్పినాను అన్నాను. అది నిజమే కదా! అంత మంచి నిజం నాకు మళ్ళీ ఎప్పుడూ దొరకలేదు. సుజాత వెనక్కి తిరిగి గదిలోకి పోయింది. మొగుడితో మాట మానేసింది. తనని తీసుకుపోలేదని అలిగిందనుకున్నాడు అతను, బజారుకు పోయి చామంతిపూలు తెచ్చినాడు.

వారం తిరక్కముందే కడుపు పోయింది.

సముద్రం వల్ల పోయిందని నేననను. తొలి రోజుల్లో ఇట్లా చాలామందికి అవుతుంది, ఎవరి తప్పూ కాదమ్మా అని డాక్టరమ్మ వివరంగా చెప్పింది. నేనూ అదే నమ్ముతాను, మీరూ నమ్మండి. నా తప్పు అది కాదు. నా తప్పు ఆ తర్వాత ఆసుపత్రి వరండాలో జరిగింది.

సుజాత మంచం మీదనుంచి లేచి వచ్చి, అందరి ముందూ మొగుణ్ణి అడిగింది, తెలిసి తెలిసి ఎట్లా మునిగినావు అని. అతను బిత్తరపోయినాడు. తెలియడమేంది, నీళ్ళోసుకుందని వదిన చెబితే జొరం తగ్గి తానం చేసినావనుకున్నానే అన్నాడు. మా అత్త నెత్తి కొట్టుకుంది. పెళ్ళాం నీళ్ళోసుకుందంటే తానం చేసిందనుకున్నాడంట, పాలు తాగే పిల్లోడు చూడు అంది. సుజాత వాళ్ళ నాయన ముఖం పక్కకి తిప్పుకున్నాడు. నిజం ఎంత అన్యాయంగా ఉంటుందో చూడండి, అతను చెప్పిన నిజం దొంగసాకు మాదిరి వినపడింది. అప్పుడతను నా వైపు తిరిగినాడు.

"వదినా, నువ్వు చెప్పు. అప్పుడు నేనేమన్నాను నీతో?"

అందరూ నన్నే చూస్తున్నారు. సుజాత కూడా. ఆ పిల్ల కళ్ళల్లో కోపం లేదు, ఆశ ఉంది. మొగుడు చెప్పింది నిజమైతే బాగుండునని ఆశ. నేను ఒక్క ముక్క చెప్పుంటే ఆ పిల్ల అక్కడే అతని భుజం మీద పడి ఏడ్చేది. కానీ చెబితే తర్వాత ప్రశ్న నాకే వస్తుంది కదా. అట్లా పొరబడినాడని తెలిసి నువ్వెందుకు ఊరుకున్నావమ్మా అని. అప్పుడేం చెప్పాలి? గొడ్రాలి కుళ్ళు అనరూ? ఊరంతా అనరూ?

"ఆ సందట్లో నాకేం గుర్తబ్బయ్యా," అన్నాను.

అంతే. అదే నేను మోస్తున్నది.

సుజాత పుట్టింటికి పోయింది. నేనూ మా ఆయనా ఒకసారి పిలవడానికి వాకాడు పోయినాం. ఆ పిల్ల నాకు కాఫీ ఇచ్చి చెప్పింది. "సముద్రం తీసుకుపోయిందని కాదక్కా. నా భయాన్ని నీ చేత చెప్పి పంపితే, ఆయనకి అది లెక్కలేకపోయింది. అబద్ధం కూడా ఆడినాడు." నా చేతిలో కాఫీ ఉంది. తాగినాను. అప్పుడు కూడా చెప్పలేదు. పెద్దమనుషులు కూర్చున్నారు, మాట్లాడినారు, విడిపోయినారు. సుజాతకి దొరవారిసత్రం వైపు మళ్ళీ పెళ్ళి చేసినారు. ఒక పాప అంట. ఆ కబురు విన్న పూట నేను వెక్కి వెక్కి ఏడిస్తే మా అత్త, ఎంత ప్రేమే నీకు ఆ పిల్లంటే అంది.

పెంచలయ్య మళ్ళీ చేసుకోలేదు. ఇప్పటికీ మా ఇంట్లోనే భోజనం. మొదట్లో అప్పుడప్పుడూ అడిగేవాడు, వదినా నేను జొరం తగ్గిందా అన్లేదూ, కొంచెం గుర్తు తెచ్చుకో అని. నేను పొయ్యి దగ్గర ఏదో పని పెట్టుకునేదాన్ని. తర్వాత అడగడం మానేసినాడు. మర్చిపోయినాడేమోనని నేను కాస్త స్థిమితపడినాను. ఎంత సిగ్గుమాలినదాన్నో!

మొన్న సంబంధాల మనిషి ఒకాయన వచ్చినాడు. మగదిక్కు లేని పిల్ల, మంచి పిల్ల, నీకు నలభై దాటినా పర్లేదంటున్నారు, చూసొద్దాం రా పెంచలయ్యా అన్నాడు. నేను వంటింట్లో పప్పుకి తిరగమాత పెడుతున్నాను. ఆవాలు చిటపటమంటున్నా అతని మాట నాకు తేటగా వినపడింది.

"వద్దులే అన్నా. కడుపుతో ఉంది, మునగొద్దని మా వదిన చిలక్కి చెప్పినట్టు చెప్పింది నాకు. చెప్పినా చెవిన పెట్టకుండా దిగినోణ్ణి. పైగా అందరి ముందూ వదిన మీద నెట్టబోయినాను. నాలాంటోడికి ఇంకో ఆడపిల్ల ఎందుకు?"

గరిటె పట్టుకోని అట్లాగే నిలబడిపోయినాను. తిరగమాత మాడిపోయింది. అతను అబద్ధం చెప్పడం లేదు. ఇప్పుడతనికి అట్లాగే గుర్తుంది. అందరూ ఒకటే చెబుతుంటే, వదిన అబద్ధమాడదు గదా అనుకోని, తన చెవుల్నే తప్పు పట్టుకున్నాడు. జరగనిదాన్ని జరిగిందని నమ్ముకోని ఏళ్ళుగా తనని తాను తిట్టుకుంటున్నాడు. నేను అతని పెళ్ళాన్ని పోగొట్టినాను, అతని బతుకు పోగొట్టినాను. చివరికి, నేనేం తప్పు చేయలేదు అని తనకి తాను చెప్పుకునే దారి కూడా లేకుండా చేసినాను.

బయటికి పోయి చెప్పాలి కదా? మాడిన తిరగమాతే పప్పులో పోసి కలిపినాను. సంబంధాల మనిషి వెళ్ళిపోయినాక పీట వేసి అన్నం పెట్టినాను. ఏంది వదినా పప్పు మాడింది, ఒంట్లో బాలేదా అన్నాడు. బాగానే ఉంది తిను అన్నాను. రేపన్నా చెబుతానా? తెలీదు, మీకు మాటివ్వలేను. చెబితే నన్ను క్షమిస్తాడు, అతను అట్లాంటోడు, ఆ క్షమాపణ తీసుకునే మొహం నాకు లేదు.

అందుకే మీకు చెప్పినాను. ఆ అబ్బయ్యకి తెలీదు. నేను చెప్పలేదు. తప్పుగా విన్నాడని తెలిసి కూడా చెప్పలేదు. అడిగితే గుర్తులేదన్నాను, నాకు గుర్తుంది. ఇంతవరకూ ఈ నాలుగు మాటలూ నేను గొంతెత్తి అనుకోను కూడా లేదు. ఇప్పుడు రాసి, ఒకసారి పైకి చదువుకున్నాను. ఇంట్లో ఎవరూ లేరు. చదివేటప్పుడు ఎక్కడా ఆగలేదు.