వేంగికీ కళింగకీ మధ్య గీత

నేను ఉక్కునగరం క్వార్టర్స్‌లో పుట్టాను. అక్కడి బడిలోనే చదువుకుని, చివరికి ఫ్యాక్టరీలోనే డ్రాయింగులు గీసే ఉద్యోగంలో కుదురుకున్నాను. మా నాన్న ఉద్యోగం కోసం కృష్ణా జిల్లా నుంచి వచ్చారు. ఇంట్లో ఇప్పటికీ అక్కడి మాటే. బంధువుల పెళ్ళిళ్ళకు వెళితే "వైజాగోళ్ళు వచ్చారు" అంటారు. ఇక్కడేమో నలభై దాటినా నేను కృష్ణావోళ్ళ అబ్బాయినే.

ఆఫీసులో పైపులు, పునాదులు, కేబుళ్ళు గీస్తాను. ఇంట్లో మాత్రం కొన్నేళ్ళుగా వేరే పటం ఒకటి గీస్తున్నాను. మా అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా చరిత్ర పుస్తకం తెచ్చి, "నాన్నా, అప్పట్లో మనం ఏ రాజు కింద ఉన్నాం?" అని అడిగింది. ఆ పుస్తకంలోని పటంలో మన ప్రాంతం సరిగ్గా రెండు పేజీల మధ్య మడతలో పడింది. దక్షిణాన వేంగి అని సగం కనిపించింది, ఉత్తరాన కళింగ అని సగం. మనం కుట్టులోకి పోయాం. ఆ ఆదివారమే కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

పటం కింద ఒక మీట పెట్టాను. దాన్ని జరిపితే ఏడో శతాబ్దం, ఎనిమిదో శతాబ్దం, అలా పదకొండు దాకా రంగులు మారుతూ వస్తాయి. వేంగికి పసుపు, కళింగకి ఎరుపు. రెండేళ్ళ ఆదివారాలు దానికే పోయాయి. ఇంటర్నెట్‌లో పెట్టాక నలుగురూ మెచ్చుకుంటూ రాశారు. ఆ ఊపులో ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఫోన్ తీసి మా బావకి చూపించాను.

బావ అంటే చుట్టం కాదు. పదిహేనేళ్ళుగా నా పక్క బల్ల దగ్గర కూర్చునే మనిషి, నాకన్నా పదేళ్ళు పెద్ద. సబ్బవరం అవతల ఒక ఊళ్ళో వ్యవసాయం చేసే కుటుంబం వాళ్ళది. రోజూ అక్కడి నుంచే బండి మీద వస్తాడు. నేను చేరిన మొదటి వారమే నన్ను బావ అన్నాడు. నేనూ అలాగే పిలుస్తున్నాను.

"ఇదేటి బావ? ఇందులో మా ఊరెక్కడుంది?" అన్నాడు.

పటాన్ని పెద్దది చేసి చూపించాను. పసుపు రంగులో ఉంది. మీట జరిపాను. ఎనిమిదో శతాబ్దంలోనూ పసుపే. తొమ్మిదిలోనూ పసుపే. ఎరుపు ఎక్కడో పైన, నాగావళి దాటాక మొదలవుతోంది.

"పసుపు ఎవులిది?"

"వేంగిది."

"అంటే మీ వైపోళ్ళది. మరి కళింగ అంతెత్తునుందేటి? ఎవుడు సెప్పినాడు?"

"పుస్తకాల్లో ఉంది బావా," అన్నాను.

అది అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. ఆయన క్యారేజీ మూత పెట్టి లేచిపోయాడు.

మర్నాడు భోజనానికి వేరే బల్ల దగ్గరికి వెళ్ళాడు. ఆ తర్వాతి రోజూ అంతే. నాలుగో రోజు బళ్ళు పెట్టే చోట ఆపి, నా వల్ల ఏం తప్పు జరిగిందని అడిగాను. హెల్మెట్ చేతిలో తిప్పుతూ చెప్పాడు.

"నాను ఇక్కడ సేరిన కొత్తలో 'నాను' అంటే అందరూ నవ్వీవోరు బావ. తరవాతొచ్చినోళ్ళలో నువ్వొక్కడివే నవ్వనేదు, అది నాకు గురుతుంది. మా పిల్ల సిన్నప్పుడు బడిలో 'ఏటి' అందని టీచరమ్మ నిలబెట్టీసింది. సరే, మా బాస బాగోదు. మా ఊళ్ళు ఎనకబడ్డాయి. ఇప్పుడు మాకు రాజు కూడా లేడేటి? వెయ్యేళ్ళ కిందట కూడా మేం మీ కిందే ఉన్నామా?"

మీ కింద అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. వేంగి నాదని నేనెప్పుడూ అనుకోలేదు. కృష్ణా జిల్లాలో నాకు సొంత ఇల్లు కూడా లేదు.

ఇంటికి వెళ్ళి పటం తెరిచి, ఆ గీత ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కుంటూ వెనక్కి వెళ్ళాను. మొదట ఒక పాత అట్లాసు చూసి గీసింది. తర్వాత శాసనాల గురించి చదివిన కొద్దీ అక్కడా ఇక్కడా సరిచేస్తూ వచ్చాను. ఒక్కొక్క మార్పూ చూశాను. మన ప్రాంతం ఈ శతాబ్దాల్లో ఒకసారి ఇటూ ఒకసారి అటూ పోయింది, కొన్నాళ్ళు ఎవరి చేతిలో ఉందో గట్టిగా చెప్పలేం. అలా అనుమానం వచ్చిన ప్రతిచోటా నేను గీతను పైకే జరిపాను. ఒక్కసారి కూడా కిందికి జరపలేదు. ఎవరూ నన్ను అలా చెయ్యమనలేదు. నా చెయ్యే చేసుకుపోయింది. అది చూశాక ఆయన ముందుకు ఎలా వెళ్ళాలో తోచలేదు.

ఆ ఆదివారం పొద్దున్నించి కూర్చుని గీతంతా మార్చేశాను. ఎరుపుని నాగావళి దాటించి, అనకాపల్లి దాటించి, తుని దాకా దింపాను. సోమవారం ఆయన బల్ల దగ్గరికి వెళ్ళి చూపించాను. సంతోషిస్తాడనుకున్నాను. ఆయన అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇదెందుకు మార్సినావ్?"

"నువ్వు బాధపడ్డావని."

"అంటే నాను ఏడిత్తే రాజ్యం ఇచ్చెత్తావా?" అన్నాడు. కోపం కన్నా విసుగే ఎక్కువుంది ఆ గొంతులో. "నాను రాజ్యం అడగనేదు బావ. నీకు తెల్దు కదా? తెల్దని రాయి. అప్పుడూ తప్పే సేసినావ్, ఇప్పుడూ తప్పే సేత్తన్నావ్."

"పటంలో తెలీదని ఎలా రాస్తారు?"

"మన డ్రాయింగుల్లో రాయమేటి? నేల కింద పాత పైపుంది, ఏ పక్కనుందో గట్టిగా తెల్దనుకో. ఏటి సేత్తాం? సుక్కల గీతేసి, తవ్వినప్పుడు సూసుకోండని రాత్తాం. ఇదీ అంతే."

పదిహేనేళ్ళుగా ఇద్దరం చేస్తున్న పనే అది. నాకు తట్టలేదు.

ఆ రోజు నుంచి ఈ పని ఇద్దరిదీ అయింది. నేను లైబ్రరీ నుంచి రాగిరేకుల పాఠాలు తెచ్చి చదివేవాణ్ణి. రాజు ఎవరికైనా ఊరు దానమిస్తే దాని హద్దులు ఆ రేకుల మీద చెక్కించేవాడు. ఫలానా పుట్ట, అక్కడి నుంచి చింతచెట్టు, అక్కడి నుంచి గొయ్యి, ఆ తర్వాత మూడు ఊళ్ళ పొలిమేరలు కలిసే చోటు, ఇలా సాగుతాయి. కళింగ రాజులిచ్చిన ఒక దానంలో ఊరు ఎక్కడుందో పండితులకూ తేలలేదు. ఆ పేరు పైకి చదివాను. బావ చేతిలోని పెన్సిల్ కింద పెట్టాడు.

"ఆ పేరు లాంటిదే మా అమ్మ అంటాది. మా పొలాల అవతలుంది."

ఆ పేరు ఇక్కడ రాయను. ఇంకా తేలని విషయం.

ఆ తర్వాతి సెలవు రోజున ఆయన బండి వెనక కూర్చుని వాళ్ళ ఊరు వెళ్ళాను. వాళ్ళమ్మకి ఎనభై దాకా ఉంటాయి. వాకిట్లో కందులు చెరుగుతోంది. విషయం వినగానే చేట పక్కన పెట్టి, "రా బాబూ, బేగి ఎల్దాం, ఎండెక్కిపోద్ది," అంటూ మాకన్నా ముందే బయల్దేరింది. ఆవిడ నడకను అందుకోవడానికి నేను ఇబ్బంది పడ్డాను.

గట్ల వెంట అరగంట నడిచాక కొత్త లేఅవుట్ గోడ అడ్డం వచ్చింది. గోడ పక్కన సిమెంటు కాలువ, దానిలో కొంచెం నీళ్ళు.

"ఇక్కడే గెడ్డ," అంది. ఏరుని ఇక్కడ గెడ్డ అంటారు. "ఇటేపు మాది, అటేపు పక్కూరోలది, ఆ కొండవార ఉన్నాది ఇంకో ఊరిది. మూడూళ్ళ పశువులూ ఇక్కడే నీళ్ళు తాగీవి."

నేను రాగిరేకు పాఠం తీసి, హద్దులున్న వాక్యాన్ని తెలుగులో చెప్పాను. మూడు ఊళ్ళు కలిసే చోటు అనగానే ఆవిడ తలెత్తి చూసింది.

"ఎవుడు రాసినాడు బాబూ ఇది?"

"రాజుగారు రాయించారు అత్తా. కళింగ రాజు."

"ఆయన ఇక్కడికొచ్చి సూసినాడేటి?"

"రాజు వచ్చుండడు. ఆయన మనుషులు వచ్చి, ఊళ్ళో పెద్దల్ని అడిగి రాసుకుని ఉంటారు."

"అయితే మాలాటోలే సెప్పుంటారు," అంది, అందులో ఆశ్చర్యపడేదేమీ లేనట్టు. మళ్ళీ గట్టెక్కి, పుట్ట ఎక్కడుండేదో చూపించడానికి ముందుకు నడిచింది. బావ మాత్రం అక్కడే నిలబడిపోయి, సిమెంటు కాలువ వైపు చూస్తూ ముఖం తుడుచుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు, పటంలో ఆ చోట, దానమిచ్చిన ఊరు ఇదేనని ఎర్ర చుక్క పెట్టేద్దామా అని నేనే అడిగాను. నిజానికి నాకు చాలా ఆశగా ఉంది. ఆయన ఒప్పుకోలేదు.

"గెడ్డలు ప్రతీ ఊరికీ ఉంటాయి బావ. మూడూళ్ళు కలవని ఊరేది? పేరు పక్కన ప్రశ్న గుర్తెట్టు."

పెట్టాను. ఆ గుర్తు ఇప్పటికీ అలాగే ఉంది.

ఇప్పుడు మా పటంలో రాజ్యాలకు గీతల్లేవు. శాసనం దొరికి, చోటు తెలిసిన దగ్గర రంగు చిక్కగా ఉంటుంది. అక్కడి నుంచి దూరం వెళ్ళేకొద్దీ పలచబడుతుంది. వేంగి పసుపూ కళింగ ఎరుపూ మన దగ్గరకొచ్చేసరికి రెండూ వెలిసిపోయి, కింద కొండలూ గెడ్డలూ కనిపిస్తాయి. ప్రతి చుక్క మీదా నొక్కితే, ఆ సంగతి ఎలా తెలుసో, ఎంతవరకు తెలుసో రాసి ఉంటుంది. చూడ్డానికి మునుపంత అందంగా లేదు. రాజ్యాలు చొక్కా మీద మరకల్లా ఉన్నాయని ఒకాయన రాశాడు. ముందు మెచ్చుకున్నవాళ్ళలో కొందరు మళ్ళీ రాలేదు.

ఊళ్ళలోని పేర్ల కోసం బావ పటం మీద వేరే పొర ఒకటి కట్టాడు. సెలవు వస్తే చాలు, ఒక ఊరు వెళ్ళి, పొలాలకీ గుట్టలకీ అక్కడివాళ్ళు ఏమంటారో రాసుకొస్తాడు. మొదట్లో అవి ఎక్కించేటప్పుడు గెడ్డ అన్నచోట వాగు అని నేను దిద్దబోయాను. మౌస్ మీద చెయ్యి ఆపుకున్నాను. ఇప్పుడు బావ వాళ్ళమ్మాయి, డిగ్రీ చదువుతోంది, నాయనమ్మ చేత ఆ పేర్లు పలికించి రికార్డు చేసి పంపుతోంది.

పోయిన నెల ఒక పొద్దున నేను ఆఫీసుకి బయల్దేరుతుండగా ఆ అమ్మాయి ఫోన్ నుంచి పెద్దావిడ మాట్లాడింది.

"బాబూ, మొన్న ఆ గుట్ట పేరు తప్పు సెప్పినాను. అది నా కన్నోరి ఊళ్ళో గుట్ట. ఇక్కడిదానికి పేరు నాకు తెల్దు. తీసీ."

సరే అత్తా అన్నాను. చెప్పులు విప్పి లోపలికెళ్ళి, కంప్యూటర్ తెరిచి, గుట్టను ఉంచి పేరు తీసేశాను. ఆ వేళ డ్యూటీకి పావుగంట ఆలస్యమైంది.