కదిలిన కొంగ

మొన్న మనవరాలు ఫోనులో మసగ్గా వచ్చిన కొంగ ఫోటోని చెరిపెయ్యబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. బందరు ఫోటోల మావయ్య గుర్తొచ్చాడు.

నా చిన్నప్పుడు దివిసీమలో మా ఊళ్లో ఎవరన్నా పోతేనే ఆయనకి కబురు వెళ్లేది. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఆఖరి ఫోటో తీసేవాడు. అలాంటిది ఒకసారి ఎవరూ పోకుండానే కెమెరా, మూడుకాళ్ల స్టాండుతో బస్సు దిగాడు. మా నాయనమ్మకి అప్పుడు దగ్గు. ఆ సంగతి ఈయన చెవిన పడిందని నా అనుమానం.

"కొంగల కోసం వచ్చానమ్మా" అన్నాడు.

నేను నమ్మలేదు. సముద్రం ఒడ్డున పాలకాయతిప్ప దాకా వెంటపడ్డాను. కొంగ బురదలో కదలకుండా నిలబడినంతసేపూ ఊరికే చూస్తూ కూర్చున్నాడు. తీరా అది రెక్కలు విప్పి లేస్తుంటే అప్పుడు తీశాడు. కదిలేదాన్ని తీస్తే మసగ్గా వస్తుందని నాకూ తెలుసు. కొంగల మాట వట్టి సాకేనని ఖాయం చేసుకున్నాను.

"నిలబడినప్పుడు తియ్యలేదేం మావయ్యా?"

"కదలనివాళ్లని తీసే బతుకుతున్నానమ్మా. ఇదొక్కటీ నాకోసం."

తిరిగొస్తూ మా అరుగు ముందు ఆగి, నాయనమ్మ వైపు కెమెరా ఎత్తాడు. నేను అడ్డం నిలబడ్డాను. నాయనమ్మ నవ్వుతూ, "నేనింకా పోలేదు నాయనా, అవతలికి నడు" అని చెయ్యి విసిరింది. నా తల మీదుగా కెమెరా టక్కుమంది.

ఆవిడ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. పోయినప్పుడు నాన్న కుర్చీ వెయ్యనివ్వలేదు. ఊళ్లో అందరి గోడల మీదా పెద్దలు బిగుసుకుని కూర్చుని ఉంటారు. మా గోడ మీద నాయనమ్మ మసకచెయ్యి ఇంకా విసురుతూనే ఉంది.